క్యాన్సరు చికిత్సలో నోటిపూత



నా పూర్వశిష్యుఁ డొకఁడు క్యాన్సరునకు మందు లెక్కించుకొనుచు, నోరు పూసి అన్నము సహింపక, చికిత్సయే మానెద ననెను. ఇంటివారు “వేడిచేసినది” అనిరి. ఇది వేడి కాదు. ఆ మందు త్వరత్వరగా వృద్ధిపొందు కణములను చంపును. క్యాన్సరు కణము లట్టివి. నోటి లోపలిపొర కణములును అట్టివే. కావున మందెక్కిన 5 మొదలు 10 దినములలో పుండ్లు పుట్టును. సాధారణముగా రెండు మూడు వారములలో మానును.

చికిత్సకు ముందే పుచ్చిన దంతములను వైద్యునకుఁ జూపవలెను. పందుంపుల్ల మాని మెత్తని బ్రష్షు వాడవలెను. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో పావుచెంచా తినుసోడా, అందులో సగము ఉప్పు కలిపి, దినమునకు నాలుగైదు మారులు పుక్కిలించి ఉమియవలెను. ఫ్లోరోయురాసిల్ అను మందును ఒక్కమారుగా సూదితో నిచ్చునపుడు, 5 నిమిషములు ముందునుండి అరగంట మంచుముక్కలు చప్పరించినచో, రక్తనాళములు ముడుచుకొని మందు నోటికిఁ దక్కువగాఁ జేరును. ఆక్సాలిప్లాటిన్ పొందువారికి చల్లదనము పడదు. వైద్యు నడిగియే చేయవలెను.

పూత పూసినచో కారము, పులుపు, తాంబూలము, పొగాకు వర్జింపవలెను. చల్లార్చిన జావ మేలు. నొప్పికి వైద్యుఁడు మందిచ్చును.

ఒక్క హెచ్చరిక. ఆ మందువలన రక్తమందలి తెల్లకణములును తగ్గును. పుండు సూక్ష్మజీవులకు ద్వార మగును. జ్వరము 100.4 డిగ్రీలకుఁ జేరినను, నీరు మ్రింగలేకున్నను తెల్లవారువఱకు ఆగరాదు. ఇంటిపెద్దలైన మీరు వెంటనే ఆసుపత్రికిఁ బంపుఁడు.