పారేసే సెల్లు, చార్జ్ చేసే సెల్లు

గృహావసరాలకు వాడే చిన్న సెల్లలో రెండు జాతులున్నాయి. టీవీ రిమోట్‌లోనో గోడ గడియారంలోనో వేసి, శక్తి ఉడిగాక తీసి పారేసేవి ప్రాథమిక సెల్లు; విద్యుత్తు ఎక్కించి మళ్లీ మళ్లీ వాడుకోదగినవి ద్వితీయ సెల్లు, అంటే వాడుకలో రీచార్జబుల్ సెల్లు. రెండింటిలోనూ విద్యుత్తును పుట్టించేది రసాయన చర్యే అయినా, మొదటి రకంలో ఆ చర్యను క్షేమంగా వెనక్కి మళ్లించడం సాధ్యం కాదు. రెండో రకంలో బయటి నుంచి విద్యుత్తును ఎదురుదిశలో పంపితే లోపలి పదార్థాలు చాలావరకు పూర్వరూపానికి చేరుకుంటాయి. ఈ తేడా తెలియక మామూలు పెన్సిల్ సెల్‌ను చార్జర్‌లో పెడితే లోపల వాయువులు పేరుకుని అది కారిపోవచ్చు, ఒక్కోసారి పగలవచ్చు కూడా.

చార్జ్ చేసే బ్యాటరీ నిన్నమొన్నటిదేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే సీసం-ఆమ్ల బ్యాటరీని 1859లోనే తయారుచేశాడు. టార్చిలైటు సెల్‌కు మూలమైన జార్జ్ లెక్లాంషే సెల్ ఆ తరువాత 1866లో వచ్చింది. అయితే సీసం బరువైన లోహం కావడం వల్ల ప్లాంటే బ్యాటరీ కార్లకు, ఇన్వర్టర్లకు పరిమితం కాగా, చేతిలో ఇమిడే పరికరాలన్నీ జింకు డబ్బా, మధ్యన కర్బన కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ ముద్ద ఉండే పొడి సెల్ పాలయ్యాయి. 1899లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ యుంగ్నర్ నికెల్-కాడ్మియం సెల్‌ను రూపొందించాడు. ఆ తరువాత చాలాకాలం చిన్న పరికరాల్లో రీచార్జబుల్ అంటే అదే. కాని కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీసే విషలోహం. జపాన్‌లో జింజు నదీ తీరాన గనుల నుంచి నీటిలోకి, వరిపొలాల్లోకి చేరిన కాడ్మియమే ఇతాయి-ఇతాయి అనే బాధాకరమైన వ్యాధికి కారణమని తేలింది. 1990 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్‌లో కాడ్మియం స్థానాన్ని, హైడ్రోజన్‌ను తనలో ఇముడ్చుకోగల మిశ్రలోహం ఆక్రమించింది. నేడు ఏఏ, ఏఏఏ పరిమాణాల్లో దొరికే రీచార్జబుల్ సెల్లలో అత్యధికం ఈ రకానివే.

ఈ సెల్ మీద 1.2 వోల్టులు అని ముద్రించి ఉండటం చూసి, 1.5 వోల్టుల మామూలు సెల్ కన్నా ఇది బలహీనమైనదని కొనేవారు సందేహించడం సహజమే గాని, ఆ సందేహం చాలావరకు నిరాధారం. మామూలు సెల్ 1.5 వోల్టులతో మొదలై వాడుతున్నకొద్దీ దిగజారుతూ పోతుంది. నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్ మాత్రం తన శక్తిలో అధికభాగం ఖర్చయ్యేదాకా 1.2 వోల్టుల దగ్గరే నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల ఎక్కువ విద్యుత్తు లాగే పరికరాల్లో ఇదే మెరుగు.

దీని అసలు బలహీనత వేరే చోట ఉంది. వాడకుండా ఉంచినా సెల్ తనంతట తాను శక్తిని కోల్పోవడాన్ని స్వయం ఉత్సర్గం అంటారు; తొలినాటి నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్లు దీనివల్ల నెలా రెండు నెలల్లోనే చాలావరకు ఖాళీ అయ్యేవి. 2005లో జపాన్ సంస్థ సాన్యో ఎనెలూప్ పేరిట తెచ్చిన రకంతో ఈ లోపం చాలావరకు తీరింది. ఈ తరహా సెల్లు ఏడాది తరువాత కూడా చార్జ్‌లో ఎక్కువ భాగాన్ని నిలుపుకుంటాయి. అయినా ఇంట్లోని ప్రతి పరికరానికీ రీచార్జబుల్ సెల్లే వేయాలనడం లెక్కకు నిలవని ఉత్సాహం. ఏడాదికొకసారి సెల్ మార్చే గోడ గడియారంలో, పలు రెట్లు ఖరీదైన రీచార్జబుల్ సెల్ తన ధరను రాబట్టకముందే ముసలిదవుతుంది. పిల్లల బొమ్మలు, వైర్‌లెస్ మైకులు, కంప్యూటర్ మౌస్‌లు, కెమెరా ఫ్లాష్‌లు తరచూ సెల్లు మింగే పరికరాలు కనుక వాటిలో లాభం వెంటనే కనిపిస్తుంది. 2000 మిల్లీయాంపియర్-గంటల ఏఏ సెల్‌లో నిల్వ ఉండే శక్తి సుమారు 2.4 వాట్-గంటలు, చార్జర్‌లో వృథా అయ్యేదాన్ని కలుపుకుని 5 వాట్-గంటలు ఖర్చవుతాయనుకున్నా, 1000 వాట్-గంటలకు సమానమైన ఒక్క యూనిట్ కరెంటుతో 200 సార్లు నింపవచ్చు. అంటే ఖర్చంతా సెల్ కొనడంలోనే, నింపడంలో దాదాపు లేదు.

కొన్న సెల్లు త్వరగా పాడవడానికి ఎక్కువగా కారణమయ్యేది పాతవాటిని, కొత్తవాటిని కలిపి వాడటం. పరికరంలో సెల్లు సాధారణంగా ఒకదాని వెంట ఒకటి శ్రేణిలో ఉంటాయి కనుక, వాటిలో బలహీనమైనది ముందుగా ఖాళీ అయినా మిగిలినవి దాని గుండా విద్యుత్తును తోస్తూనే ఉంటాయి. అప్పుడు ఆ సెల్ ధ్రువాలు తారుమారై అది శాశ్వతంగా దెబ్బతింటుంది. ఒకేసారి కొన్న సెల్లను ఒక జట్టుగా గుర్తుపెట్టి కలిపే వాడటం, ప్రతి సెల్‌ను విడివిడిగా పరీక్షించి నిండగానే ఆపే చార్జర్‌ను ఎంచుకోవడం దీనికి విరుగుడు. నిండినా లేకున్నా గంటల లెక్కన కరెంటు ఎక్కించే చవక చార్జర్లు ఆదా చేసిన డబ్బును సెల్లను వేడెక్కించి వెనక్కి లాగేసుకుంటాయి.

ఎంత జాగ్రత్తగా వాడినా కొన్నేళ్లకు ఏ సెల్ అయినా పనికిరాకుండా పోతుంది. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీ చెత్తకుప్పలో కనబడదు, ఎందుకంటే అందులోని సీసానికి ధర ఉంది, దుకాణదారు దాన్ని తీసుకుని కొత్తదాని ఖరీదు తగ్గిస్తాడు. సుమారు 25 గ్రాముల పెన్సిల్ సెల్‌ను పాత సామాన్ల వ్యాపారి చేతితో కూడా ముట్టడు. కాబట్టి చిన్న సెల్లు చెత్తలోకి చేరడానికి జనం నిర్లక్ష్యమే కారణమనడం సగం నిజమే.

చట్టం కూడా చాలాకాలం సీసం బ్యాటరీలనే పట్టించుకుంది. 2001 నాటి నియమాలు వాటికే వర్తించేవి. 2022 ఆగస్టులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ప్రకటించిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమావళి తొలిసారిగా అన్ని రకాలనూ పరిధిలోకి తెచ్చి, అమ్మిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టింది. వాటిని భూమిలో పూడ్చడాన్ని, కాల్చడాన్ని నిషేధించింది. చిన్న బ్యాటరీల నుంచి రాబట్టవలసిన పదార్థాల వాటాను 2024-25లో 70 శాతంగా, 2026-27 నుంచి 90 శాతంగా నిర్దేశించింది. కొనేటప్పుడు కొంత డిపాజిట్ తీసుకుని, పాతది తెచ్చినప్పుడు తిరిగి ఇచ్చే పద్ధతికీ అందులో చోటుంది. పెన్సిల్ సెల్‌కు ధర కల్పించగల ఏకైక అంశం అదే అయినా, సెల్లు అమ్మే కిరాణా కొట్టులో దాని జాడ కనబడదు. జర్మనీలో బ్యాటరీలు అమ్మే దుకాణాలు పాతవాటిని తీసుకోక తప్పదు కనుక, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూరగాయలకు వెళ్తూనే వాటిని పెట్టెలో వేసి వస్తాయి.

సేకరించిన సెల్లను ముందుగా రసాయన జాతి ప్రకారం వేరుచేస్తారు. మామూలు సెల్లను ముక్కలు చేసి, ఉక్కును అయస్కాంతంతో లాగి, జింకును, మాంగనీస్‌ను విడదీస్తారు. నికెల్ సెల్లను కరిగిస్తే వచ్చే లోహం స్టెయిన్‌లెస్ స్టీలు తయారీకి పోతుంది. ఫోన్లలో ఉండే లిథియం-అయాన్ బ్యాటరీలను చూర్ణం చేసి, మిగిలే నల్లపొడి నుంచి ఆమ్లాల సాయంతో కోబాల్టు, నికెల్, లిథియం రాబడతారు.

2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వాడిన బ్యాటరీలను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) అనే పారిశుధ్య కార్యక్రమం కింద పట్టణాల్లో పంచిన మూడు బుట్టల్లో ఎర్రది అలాంటివాటికే. ఆ బుట్ట లేని ఇళ్లలో సెల్లను తడి తగలని ప్లాస్టిక్ డబ్బాలో కూడబెట్టి, ఇ-వ్యర్థాలు సేకరించే కేంద్రానికి అందించవచ్చు. లిథియం సెల్లు ఒకదానికొకటి తగిలి షార్టయితే నిప్పు పుడుతుంది కనుక వాటి ధ్రువాలపై టేపు అంటించాలి. బొత్తాం సెల్లను పిల్లలకు అందనివ్వకూడదు. మింగితే అవి రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలవు. ఉబ్బిన ఫోన్ బ్యాటరీని మాత్రం డబ్బాలో వేయకుండా, గుచ్చకుండా, నొక్కకుండా, మండే వస్తువులకు దూరంగా ఉంచి వీలైనంత త్వరగా సేకరణ కేంద్రానికి చేర్చాలి.