చెక్కముక్కతో చుక్కల దుప్పి

శామీర్‌పేట: చెరువు దగ్గరి జింకల పార్కు చూసివచ్చిన పిల్లలు జింక బొమ్మ కావాలని మారాం చేస్తే బజారుకు పరుగెత్తనక్కరలేదు. ఊళ్లో వడ్లాయన కొట్టంలో మూలపడిన మామిడి చెక్కముక్క ఒకటి ఉంటే చాలు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు, ఎడ్లబండ్లు మూలబడ్డాక ఆ కొట్టాల్లో బాడిశ చప్పుడు తగ్గింది గాని పనితనం ఎక్కడికీ పోలేదు.

బొమ్మ చేసుకుని ఆడుకోవడం ఈ తట్టు కొత్తేమీ కాదు. జొన్న చొప్ప ఒలిచి, లోపలి బెండుతో ఎడ్లను, బండిని చేసి, బెరడు పుల్లలతో గుచ్చి ఆడుకున్నవారే నేటి తాతలు. మేడ్చల్, శామీర్‌పేటల చుట్టుపట్ల చేలు ప్లాట్లుగా మారుతున్నకొద్దీ ఆ బెండూ కరువైంది.

దుప్పికి జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, వేలి మందం పలక తీసుకోవాలి. తల, మెడ, వీపు ఒకే ముక్కగా బొగ్గుతో గీసుకుని కోయాలి. నాలుగు కాళ్లను మాత్రం విడిగా కోసి, ఇరుపక్కలా వెదురు చీలలతో బిగించాలి. చెక్క నార కాలి పొడవునా సాగేలా చూసుకోవాలి. నార అడ్డంగా ఉంటే మొదటిరోజే కాలు విరుగుతుంది. కొమ్ములకు సన్నని వెదురు పుల్లలు సరిపోతాయి. తుమ్మ చెక్క జోలికి పోకపోవడం మంచిది. అది బండిచక్రానికి పనికొస్తుంది గాని చిన్నచేతులకు లొంగదు. రంపం, ఉలి పెద్దల చేతిలోనే ఉండాలి. గరుకు కాగితంతో రుద్దడం పిల్లలకు అప్పగించవచ్చు. అసలు ఆనందమంతా అందులోనే ఉంది.

అతుకులకు నిర్మల్ కళాకారుల పద్ధతి అనుసరించవచ్చు. వారు తేలికైన పొనికి కర్రతో అవయవాలను వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే ఆ జిగురు ఇంట్లోనే తయారవుతుంది.

ఇక రంగుల దగ్గరే జాగ్రత్త అవసరం. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. అది కొద్దికొద్దిగా ఒంట్లో చేరినా పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. తలుపులకు వేయగా ఎన్నడో మిగిలిన డబ్బా అటకమీద ఉంటే దాన్ని బొమ్మకు వాడకూడదు. గానుగలో ఆడిన అవిసె నూనె పలచగా రుద్ది ఆరబెడితే చెక్క సహజంగానే నిగనిగలాడుతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. దాన్ని పరిచి ఆరబెట్టాలి. కాల్చిన మేకు మొనతో పెద్దలు అక్కడక్కడా అంటిస్తే చుక్కలు వస్తాయి. దుప్పికి తెల్లచుక్కలుంటాయి కదా అని పిల్లలు నిలదీయకపోరు!

మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బొమ్మకు కొమ్ములు పెట్టకపోవడమే క్షేమం. పుల్ల ఊడితే గొంతులో పడుతుంది.

నేర్చిన చేతిపని చూడాలనుకునేవారికి దారి కూడా తెలిసిందే. మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్లే రహదారి మీదనే నిర్మల్ ఉంది.