ఘాట్ రోడ్డెక్కే కారుకు ఏ ఇంజిన్?

ఫైనలియర్ ప్రాజెక్టుగా పాత స్పోర్ట్స్ కారు పోలికలో ఒక బండి తయారు చేద్దామని నలుగురు ఫ్రెండ్స్ కూర్చున్నారనుకోండి. ఐదో నిమిషంలో వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్?’ తప్పేం కాదు గానీ, అది మూడోదో నాలుగోదో కావాల్సిన ప్రశ్న. ఆ కారు ఏ రోడ్డు మీద, ఎంత బరువుతో, ఎంత వేగంతో తిరుగుతుందన్నది ముందు తేలాలి. రంపచోడవరంలో బయల్దేరి మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డునే మనం పరీక్షగా పెట్టుకుందాం. ఆ దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లెవరికైనా తెలుసు, అక్కడ టాప్ స్పీడ్‌తో పనే లేదని.

రెప్లికా కిట్ అంటే ఛాసిస్, ఫైబర్ బాడీ, సస్పెన్షన్ భాగాలు ఒక కంపెనీ అమ్ముతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ మాత్రం సాధారణంగా వేరే బండి నుంచి తెచ్చి మనమే బిగించుకోవాలి. ప్రపంచంలో ఎక్కువగా నకళ్లు వచ్చిన కార్లలో రెండింటి పేర్లు ఎప్పుడూ వినపడతాయి: ఏసీ కోబ్రా, లోటస్ సెవెన్. కోబ్రా కథ 1962లో మొదలైంది. క్యారల్ షెల్బీ బ్రిటన్ కారులో అమెరికా ఫోర్డ్ వీ8 ఇంజిన్ పెట్టించాడు. తర్వాత 7 లీటర్ల ఇంజిన్ కావాలనుకున్నప్పుడు పాత ఛాసిస్ సరిపోలేదు. లావు గొట్టాలతో కొత్తది కట్టారు, లీఫ్ స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఇంజిన్ మారితే దాని చుట్టూ ఉన్న కారంతా మారుతుంది.

లోటస్ సెవెన్‌ది దీనికి పూర్తి వ్యతిరేకమైన దారి. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన ఈ కారు బలమంతా తక్కువ బరువులోనే ఉంది. 1973 నుంచి దాన్ని క్యాటర్‌హామ్ తయారు చేస్తోంది. ఆ కంపెనీ 2021లో తెచ్చిన సెవెన్ 170 మోడల్‌లో ఉన్నది 660 సీసీ సుజుకీ టర్బో ఇంజిన్, 84 హార్స్‌పవర్. కారు బరువు 440 కిలోలే! మన మారుతి ఆల్టో కూడా అంతకంటే చాలా బరువు.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గరి చింకారా మోటార్స్ సెవెన్ పోలికతో రోడ్‌స్టర్ 1.8ఎస్ తయారు చేసింది. అందులో పెట్టింది 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్. అవును, మన అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు ఇంజినే. వినడానికి చప్పగా ఉన్నా నా దృష్టిలో అది తెలివైన ఎంపిక. ముందు నిలువుగా కూర్చుని వెనక చక్రాలను తిప్పే ఇంజిన్ అది. ఊరూరా మెకానిక్‌కు తెలిసిన బండిలోది కూడా.

పెన్ను పట్టుకోండి

ఇప్పుడు మన ఘాట్ లెక్క చూద్దాం. కారు 650 కిలోలు, ఇద్దరు మనుషులు, సామాను 150 కిలోలు. మొత్తం 800. పర్వత ప్రాంత రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు, తప్పనిసరైన చోట అనుమతించే వాలు 7 శాతం. అంటే కొండ వెనక్కి లాగే బలం 800 × 9.81 × 0.07, సుమారు 550 న్యూటన్లు. టైర్ల నిరోధం ఇంకో 120 వేసుకోండి. మొత్తం 670. గంటకు 30 కిలోమీటర్లు, అంటే సెకనుకు 8.33 మీటర్ల వేగంతో ఎక్కాలంటే కావాల్సింది 5.6 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో చెప్పాలంటే ఏడున్నర.

ఏడున్నరే! స్కూటర్ ఇంజిన్‌కు ఉన్నంత. మరి ఘాట్ మీద బండ్లు ఎందుకు మొరాయిస్తాయి? ఆ శక్తి ఏ ఆర్పీఎం దగ్గర దొరుకుతుందన్నదే చిక్కు. టైరు రేడియస్ 0.29 మీటర్లు అయితే చక్రం దగ్గర కావాల్సిన టార్క్ సుమారు 194 ఎన్‌ఎం. రెండో గేర్, డిఫరెన్షియల్ కలిపి 8 రెట్లు అనుకుంటే, నష్టాలు పోను ఇంజిన్ 27 ఎన్‌ఎం ఇవ్వాలి. అప్పుడు ఇంజిన్ తిరిగేది 2,200 ఆర్పీఎం దగ్గర. హెయిర్‌పిన్ మలుపు లోపలి అంచున వాలు ఇంకా ఎక్కువ, వేగం ఇంకా తక్కువ. కాబట్టి 27 మీద మంచి మిగులు ఉండాలి.

ఈ అంకెలతో మూడు ఇంజిన్లను తూచి చూడండి. పాత కేటీఎం డ్యూక్ 390లోని 373 సీసీ ఇంజిన్ విద్యార్థుల ఫార్ములా కార్లలో బాగా కనిపిస్తుంది. కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్‌లో ఇంజిన్ 710 సీసీ దాటకూడదు, పెట్రోల్ అయితే గాలి 20 మిల్లీమీటర్ల రంధ్రం గుండానే వెళ్లాలి. 250 కిలోల రేసు కారుకు ఈ ఇంజిన్ బాగుంటుంది. దీని గరిష్ఠ టార్క్ 37 ఎన్‌ఎం, అదీ 7,000 ఆర్పీఎం దగ్గర. మన 800 కిలోల బండిని ఎక్కించాలంటే గేరింగ్ బాగా తగ్గించి, 30 కిలోమీటర్ల వేగానికే 6,000 ఆర్పీఎంలో అరిపిస్తూ పోవాలి. బైక్ క్లచ్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పైగా రివర్స్ గేర్ లేదు. మలుపులో లారీ ఎదురొస్తే ఒకరు దిగి నెట్టాల్సిందే.

రెండోది మారుతి జిప్సీ ఇంజిన్. 1,298 సీసీ, 80 హార్స్‌పవర్, 4,500 ఆర్పీఎం దగ్గర 103 ఎన్‌ఎం. 2,200 దగ్గర కూడా మనకు కావాల్సిన దానికి రెట్టింపు పైనే ఆశించవచ్చు. ఇదీ నిలువుగా కూర్చునే ఇంజినే. ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కు విడిగా ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి ప్రొపెల్లర్ షాఫ్ట్ సరిచేసుకోవచ్చు. మూడోది జిమ్నీలోని 1.5 లీటర్ ఇంజిన్, 134 ఎన్‌ఎం. కాగితం మీద ఇదే గెలుస్తుంది. కానీ ఈసీయూ, వైరింగ్ హార్నెస్, తాళంతో ముడిపడిన ఇమ్మొబిలైజర్, సెన్సర్లు అన్నీ ఒకే బండివి కాకపోతే అది స్టార్టే కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇంజిన్ ఒక్కటే చవగ్గా దొరికిందని ఎగబడకండి. నా ఓటు జిప్సీకే.

వేడి సంగతి కూడా చూడాలి. ఎక్కేటప్పుడు ఇంజిన్ కష్టపడుతుంది, బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి రేడియేటర్‌కు ఎదురుగాలి ఉండదు. సెవెన్ లాంటి కారుకు ముక్కు చిన్నది. పెద్ద ఫ్యాన్, దాని చుట్టూ ష్రౌడ్, వేడిగాలి బయటికి పోయే దారి... ఇవన్నీ ఇంజిన్ ఎంపికలో భాగమే. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ కావాలి. అక్కడ మరీ చిన్న ఇంజిన్ సాయం చేయదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

డబ్బు పెట్టే ముందు

ఇంట్లో అడిగి తెచ్చిన డబ్బు, ఒక ఏడాది కష్టం. అందుకే ఈ మాట సూటిగా చెప్పాలి. ఇలా కట్టిన కారును మన దేశంలో రోడ్డు మీద నడపడం సులువు కాదు. బ్రిటన్‌లో సొంతంగా కట్టిన ఒక్క కారును కూడా పరీక్షించి అనుమతిచ్చే ఐవీఏ పద్ధతి ఉంది. ఇక్కడ కొత్త మోడల్‌కు ఏఆర్ఏఐ లాంటి సంస్థల పరీక్షలు కావాలి. అవి కంపెనీలు భరించే ఖర్చులు. పాత కారు ఆర్సీ మీద నడిపేద్దామంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాబట్టి బండి కట్టాలనుంటే ఫార్ములా భారత్, బాజా లాంటి పోటీలకు కట్టండి. రోడ్డు కారునైతే డిజైన్ వరకు పూర్తి చేయండి.

డిజైన్ మాత్రమే అయితే ఉద్యోగానికి పనికొస్తుందా? పెనుకొండలో కియా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లు ఉన్నాయి. పుణె, చెన్నైలలో పవర్‌ట్రెయిన్ కాలిబ్రేషన్, థర్మల్, వెహికల్ ఇంటిగ్రేషన్ పనులు చేసే టీములు ఉన్నాయి. అలాంటి ఇంటర్వ్యూలో ‘ఈ ఇంజినే ఎందుకు?’ అన్న ప్రశ్నకు, పై లెక్కను బోర్డు మీద వేసి, మిగతా రెండింటినీ ఎందుకు వదిలేశారో చెప్పగలిగితే సంభాషణ మరోలా నడుస్తుంది. ‘మైలేజీ బాగుంటుంది సార్’ అనే జవాబు వాళ్లు రోజూ వినేదే.

నేను 7 శాతం అని పుస్తకం అంకె వేసుకున్నాను. ఏజెన్సీలో ఉన్న మీరు అసలు అంకే తెచ్చుకోవచ్చు. బారోమీటర్ సెన్సర్ ఉన్న ఫోన్‌లో ఏదైనా డేటా లాగింగ్ యాప్ వేసుకుని మారేడుమిల్లి మీదుగా చింతూరు బస్సెక్కండి. ఎత్తు, జీపీఎస్ వేగం సెకనుకోసారి రికార్డవుతాయి. జీపీఎస్ చూపే ఎత్తును నమ్మకండి, బాగా ఊగిసలాడుతుంది. మూడు ట్రిప్పుల సగటు తీసుకుని ఎక్సెల్‌లో వంద మీటర్లకో వాలు లెక్కకట్టి, పై సూత్రంలో పెట్టండి. తిరుగు ప్రయాణంలోనూ రికార్డింగ్ ఆపకండి, బ్రేకుల లెక్కకు అది కావాలి.