మీకు తెలుసా? క్రియాటినిన్ చెప్పని కిడ్నీ కబుర్లు

★ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తం నుంచి వడకట్టి పంపే వ్యర్థం) ‘నార్మల్’ అని వచ్చినంత మాత్రాన కిడ్నీలకు ఏ ఢోకా లేదనుకోవడానికి లేదు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు రక్తాన్ని వడకడుతుంటాయి. కొన్ని దెబ్బతింటే మిగిలినవి వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి. అందుకే వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా ఆ అంకె పెద్దగా కదలకపోవచ్చు.

★ ఒకే అంకె ఇద్దరి విషయంలో రెండు రకాలుగా మాట్లాడుతుంది. 25 ఏళ్ల కుర్రాడికీ 65 ఏళ్ల పెద్దావిడకీ క్రియాటినిన్ 1.1 వచ్చిందనుకోండి. వయసు, స్త్రీపురుష భేదం లెక్కలోకి తీసుకునే 2021 నాటి సూత్రం ప్రకారం కుర్రాడి వడపోత వేగం (ఈజీఎఫ్ఆర్) 95 దాకా ఉంటుంది. పెద్దావిడది 56. ఈజీఎఫ్ఆర్ మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. చాలా ల్యాబుల కాగితంలో 1.1 పక్కన ఏ హెచ్చరికా కనబడదు. ఈజీఎఫ్ఆర్ వేయని రిపోర్టు సగం రిపోర్టే.

★ క్రియాటినిన్‌ను కొలిచే రసాయన చర్యను జర్మనీకి చెందిన మాక్స్ జాఫే 1886లో కనిపెట్టాడు. క్షార ద్రావణంలో పిక్రిక్ యాసిడ్ తగిలితే క్రియాటినిన్ నారింజ ఎరుపుకు తిరుగుతుంది. ఒకప్పుడు ఫిరంగి గుండ్లలో కూరినదీ ఈ పిక్రిక్ యాసిడ్‌నే! నేటికీ ఎన్నో ల్యాబుల్లో ఈ పద్ధతే నడుస్తోంది.

★ క్రియాటినిన్ కండల నుంచి పుడుతుంది కాబట్టి కండ కరిగిన ముసలివాళ్లలో తక్కువగా, కండలు పెంచినవాళ్లలో ఎక్కువగా కనబడి తప్పుదారి పట్టిస్తుంది. పరీక్షకు ముందు మాంసం బాగా తిన్నా పెరుగుతుంది. కండలతో అంతగా పనిలేని మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి అనే చిన్న ప్రొటీన్‌ది. కాకపోతే థైరాయిడ్ తేడాలు, స్టెరాయిడ్ మందులు దాన్నీ అటూఇటూ చేస్తాయి.

★ రక్తం కంటే ముందు మూత్రమే గుట్టు విప్పుతుంది, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో. లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ కిడ్నీ జబ్బుకూ మూత్రంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కూ ఉన్న సంబంధాన్ని 1827లోనే రాశాడు. చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మంటపై కాచేవాడు. అందులో ఆల్బుమిన్ ఉంటే కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టేది. నేటి పరీక్ష పేరు ఏసీఆర్. ఆల్బుమిన్‌ను అదే మూత్రంలోని క్రియాటినిన్‌తో పోల్చి లెక్కగడతారు, ఎక్కువ నీళ్లు తాగి మూత్రం పలచబడినా లెక్క తప్పదు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్తపడాలి. అయితే జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒళ్లు హూనమయ్యే వ్యాయామం కూడా దాన్ని పెంచుతాయి. ఒక్క రిపోర్టు చూసి బెంబేలెత్తకుండా మళ్లీ చేయించాలి. ఉదయం మొదటి మూత్రమైతే మంచిది.

★ ఆ ఏసీఆర్‌కూ ఒక్కోచోట చిక్కొస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగర్, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడవుతున్నాయి. ఈ తరహా జబ్బులో ముందు దెబ్బతినేవి వడపోత జల్లెళ్లు కావు, వాటి దిగువనున్న సన్నటి గొట్టాలు. అందుకని ఆల్బుమిన్ కొంచెమే కారుతుంది, ఒక్కోసారి అసలే కారదు. గొట్టాల దెబ్బను పట్టుకోవడానికి పరిశోధకులు ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రొటీన్లను మూత్రంలో వెతుకుతారు. ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషికి ‘మూత్రంలో ప్రొటీన్ లేదు’ అన్న మాట ఒక్కటే భరోసా కాదు.

★ కిడ్నీ దెబ్బను పసిగట్టే కిమ్-1, ఎన్‌గాల్ అనే గుర్తులు, 273 పెప్టైడ్లను ఒకేసారి చూసే సీకేడీ273 పరీక్ష పరిశోధనల్లో బాగానే నలిగాయి. కానీ మన వీధి చివరి ల్యాబుకు అవి ఇంకా దూరమే.

టైప్-2 షుగర్ అని తెలిసిన రోజు నుంచే ఏటా ఒకసారి ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్ రెండూ చేయించుకోవాలి. ఈసారి రక్తం ఇచ్చేటప్పుడు మూత్రం సీసా కూడా అడిగి తీసుకోండి.