ఆటల కంప్యూటరునకు ప్రాసెసరు నెన్నుకొనుట

ఓరుగల్లులోని యే యింటనైనను, ఆటల కంప్యూటరు కూర్పింపుమని పిల్లవాడు పట్టుపట్టినపుడు బేరము తుదకు ఇల్లాలి డబ్బుపెట్టె యొద్దకే వచ్చును. కావున ప్రాసెసరును గూర్చి సోదరీమణులు కొంత యెఱిగియుండుట మేలని మా తలంపు.

లెక్కలు చేయునది ప్రాసెసరు. తెరపై బొమ్మను తీర్చునది గ్రాఫిక్స్ కార్డు. పెక్కు ఆటలలో భారము కార్డుపైననే హెచ్చు. సొమ్మంతయు ప్రాసెసరునకే వెచ్చించి కార్డును చౌకలో తెచ్చుట, పట్టుచీర మీదికి ముతక రవిక కుట్టించుట వంటిది.

2023లో వెలువడిన ఏఎండీవారి రైజెన్ 5 7600 రకమునకు ఆరు కోరులు గలవు. ఇది 65 వాట్ల తరగతిది. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన యూర ఈ తక్కువ వేడిమి స్వల్పలాభము గాదు. పెట్టెతో కొన్నచో చల్లార్చు పంకా లోననే యుండును. ట్రే సరుకు కొన్నచో వేఱుగ కొనవలెను. అదే యేట వచ్చిన రైజెన్ 7 7800ఎక్స్3డీ యందు 96 మెగాబైట్ల క్యాష్ గలదు. (ఇది రొక్కము గాదు సుమా! చేతికందు దూరమున నుంచుకొను జ్ఞాపకము.) ఆటలకు మిన్నయే, వెలయు మిన్నయే. రెండును ఏఎం5 సాకెట్టువే గనుక, నేడు చిన్నదానిని గొని, బోర్డు మార్చకయే మఱియొకనాడు పెద్దదానిని అమర్చుకొనవచ్చును.

పేరు చివర ఎఫ్ అక్షరమున్న రకములు కార్డు లేనిదే తెరపై బొమ్మ చూపజాలవు. 7600కు ఆ కొఱత లేదు. కార్డునకు సొమ్ము సమకూడువఱకు పిల్లవాని చదువునకైనను కంప్యూటరు పనిచేయును.