పదిహేనేళ్లు నిండితే తుక్కే!
కలకత్తా వీధుల నుంచి తప్పుకుంటున్న అంబాసిడర్ టాక్సీ

హౌరా స్టేషనులో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ దిగి బయటికి వచ్చిన తెలుగువారికి ముందుగా కనిపించేవి రెండు. ఒకటి హుగ్లీ నది మీది ఇనుప వంతెన. రెండోది పసుపుపచ్చ అంబాసిడర్ టాక్సీ. 1943లో రాకపోకలకు తెరిచిన వంతెన నేటికీ చెక్కుచెదరలేదు. టాక్సీకి మాత్రం రోజులు దగ్గరపడ్డాయి. ఇంజను మొరాయించి కాదు, వయసు పదిహేనేళ్లు నిండుతున్నందువల్ల.

అంబాసిడర్ అంటే మన పల్లెలకు కొత్తగా చెప్పనక్కరలేదు. పెళ్లికొడుకు ఊరేగాలన్నా, నెలలు నిండిన ఆడపిల్లను అర్ధరాత్రి పట్నం ఆస్పత్రికి చేర్చాలన్నా, ఇంటిల్లిపాదీ తిరుపతి మొక్కు తీర్చుకోవాలన్నా ఒకప్పుడు టౌను నుంచి బాడుగకు వచ్చింది ఈ కారే. ముందు ముగ్గురు, వెనుక అయిదుగురు, వారి ఒళ్లో పిల్లలు, డిక్కీలో బియ్యం మూట, వంట సామాను. అన్నిటినీ మోసుకుపోయేది. కలెక్టరుగారు వచ్చినా, మంత్రిగారు వచ్చినా దిగింది అందులోంచే. మన జిల్లాల్లో అవి ఎప్పుడో మూలబడ్డాయి. 2001లో కోల్‌కతాగా పేరు మారిన కలకత్తాలో మాత్రం ఇప్పటికీ కొన్ని మీటరు వేసుకుని తిరుగుతున్నాయి.

పుట్టినిల్లు పక్కనే

ఈ కారు తయారైంది కూడా ఆ నగరం పక్కనే. 1942లో బిర్లాలు నెలకొల్పిన హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో చిన్నగా పని మొదలుపెట్టి, 1948లో హుగ్లీ జిల్లా ఉత్తర్‌పాడాకు మారింది. అక్కడి రైల్వే స్టేషను పేరే హింద్ మోటర్. ఇంగ్లండులో తయారయ్యే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనాతో 1957లో అంబాసిడర్ బయటికి వచ్చింది. ఇంగ్లండులో ఆ మోడల్ 1959లోనే ఆగిపోగా, మన దేశంలో అదే ఆకారం అర్ధ శతాబ్దం పైగా నడిచింది. 1962లో కలకత్తాలో దీన్ని ప్రామాణిక టాక్సీగా తీసుకున్నారు. నగరం దాటని టాక్సీలకు నలుపు మీద పసుపు, రాష్ట్రమంతా తిరిగేవాటికి పూర్తి పసుపు రంగు ఉండేవి.

కాలక్రమంలో కొత్త కార్ల పోటీకి అంబాసిడర్ నిలవలేకపోయింది. 2014 మే నెలలో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో ఉత్పత్తి నిలిచిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

పానా, సుత్తి ఉంటే చాలు

టాక్సీవాళ్లు ఈ కారును ఇంతకాలం వదలకపోవడానికి కారణం దాని మరమ్మతు సులువుగా ఉండడమే. దీనిలో కంప్యూటరు పెట్టెలు లేవు. బానెట్ ఎత్తితే ఏ భాగం ఎక్కడున్నదీ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. తొలి రోజుల కార్లను బ్యాటరీ దిగిపోతే ముందు నుంచి హ్యాండిలు తిప్పి స్టార్ట్ చేసేవారు. వెనుక చక్రాల మీద లారీకి ఉన్నట్టే కమాను పట్టీలు ఉంటాయి. గుంతల రోడ్డు మీదా, వానకు నిలిచిన నీళ్లలోనూ బరువుతో పోగలదు. రేకు మందం కాబట్టి సొట్ట పడితే టింకరింగ్ చేసి సరిచేయవచ్చు. ఇంజను బోరుకొస్తే బోరు చేయించి మళ్లీ బిగిస్తారు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక స్పేరు పార్టుల బాధ మొదలైంది. కలకత్తాలో పాత మోటారు సామానుకు మల్లిక్ బజారు పేరుపొందినది. ఒక కారు తుక్కుకు పోతే దాని గేరుబాక్సు, తలుపులు, అద్దాలు మరో కారుకు ప్రాణం పోస్తాయి. చచ్చిన ఎద్దు చర్మం బతికిన ఎద్దుకు తోలుపట్టా అయినట్టు సాగుతోంది వ్యవహారం.

గడువు తప్పదు

కలకత్తా గాలి పొగతో నిండిపోతోందన్న వ్యాజ్యంపై 2008లో హైకోర్టు ఆదేశం ఇచ్చింది. నగర ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన వాణిజ్య వాహనాలు తిరగరాదన్నది దాని సారాంశం. 2009 నుంచి అది అమలులోకి వచ్చింది. కాలుష్యం వల్ల ముందుగా దగ్గేది పగలంతా రోడ్డు మీద ఉండే టాక్సీ డ్రైవరే కనుక ఆదేశాన్ని తప్పు పట్టలేం. అయితే ఇంతకుముందు గడువు తీరిన కారు స్థానంలో మరో అంబాసిడర్ వచ్చేది. 2014 తర్వాత ఆ అవకాశం లేదు. ఆ ఏడు రిజిస్టరైన ఆఖరి కారుకు కూడా 2029తో గడువు తీరుతుంది.

దీని భారం పడేది ఒకే ఒక్క టాక్సీని నమ్ముకున్నవారి మీద. డ్రైవర్లలో అనేకులు బీహారు, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చినవారు. పెళ్లాం పిల్లలు ఊళ్లోనే ఉంటారు. సంపాదనలో కొంత తిండికి, కొంత షెడ్డుకు, మిగిలింది ఇంటికి. సెల్‌ఫోనులో పిలిస్తే వచ్చే ఏసీ కార్లు వచ్చాక బేరాలు తగ్గాయి. నడుస్తున్న కారును తుక్కు ధరకు అమ్మి, అప్పు చేసి కొత్తది కొంటే, ప్రతి నెలా కట్టాల్సిన కిస్తీకి సరిపడా కిరాయి దొరుకుతుందా అన్నది వారి ముందున్న ప్రశ్న. యాభై దాటిన డ్రైవరుకు బ్యాంకు అప్పు పుట్టడమూ కష్టమే.

బొంబాయి ముచ్చట ఇప్పటికే ముగిసింది. అక్కడి నలుపు పసుపు ప్రీమియర్ పద్మిని టాక్సీలకు 20 ఏళ్ల గడువు 2023 అక్టోబరులో పూర్తయింది. సముద్రాల అవతల క్యూబా రాజధాని హవానాలో మాత్రం 1959 విప్లవానికి ముందు వచ్చిన అమెరికా కార్లు ఇంకా టాక్సీలుగా ఉన్నాయి. అమెరికా వర్తక నిషేధంతో స్పేరు పార్టులు రాక, వాటికి రష్యా ఇంజన్లు బిగించి మరీ తిప్పారు. అక్కడ పాత కారు నడవడం గతిలేక. ఇక్కడ ఆగడం చట్టం వల్ల.

2025లో కలకత్తాలో వేరే కంపెనీల కొత్త కార్లకు పసుపు రంగు వేసి టాక్సీలుగా దించారు. రంగు నిలిచింది. పాత కారు చక్రం పట్టిన డ్రైవరుకు ఆ కొత్త కారు తాళం చేతికందుతుందా లేదా అన్నదే ఇక తేలాల్సి ఉంది.