పళ్ల మీద రంగు

ఫోర్డు మోడల్ టి కారుకు ముందుకు వెళ్లే గేర్లు రెండు, వెనక్కి వెళ్లేది ఒకటి. 1908 నుంచి 1927 దాకా తయారైన ఈ బండి వెనక ఇరుసు విప్పి బిగించేటప్పుడు పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్ వీల్‌ను పొరపాటున, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కు అవతలి పక్కన పెట్టేస్తే లెక్క తారుమారవుతుంది: ముందుకు ఒకటి, వెనక్కి రెండు! పళ్లు చక్కగా కలుస్తాయి, నట్లు బిగుస్తాయి, చేతిలో ఒక్క వాషరూ మిగలదు. తప్పు బయటపడేది బండి కదిలాకే.

ఆ ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌తో చిక్కంతా ఇదే. తప్పుగా బిగించినా ఒదిగిపోతుంది.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలి చక్రం తక్కువ. ఒకే ఇంజను రెండింటినీ తిప్పుతూ ఈ తేడాను ఎలా ఇవ్వాలి? ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి గేర్లతో జవాబు చెప్పి, 1820ల చివర్లో పేటెంటు తీసుకున్నాడు. 1877లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ దాన్ని మూడు చక్రాల సైకిలుకు ఎక్కించాడు. మన షెడ్లలో స్టార్ గేర్లు అనేవి ఆ జవాబులోవే. లోడు లారీ దాకా వచ్చిన ఈ వస్తువు వంశవృక్షంలో గడియారమూ సైకిలూ ఉండటం నాకెప్పుడూ తమాషాగానే ఉంటుంది.

బిగించాక మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. రెండు వెనక చక్రాలనూ జాకీల మీద లేపి, బండిని గేరులో ఉంచి ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిక్కున తిరగాలి. తర్వాత న్యూట్రల్ చేసి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టి రెండోదాన్ని ఒక చుట్టు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలి. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 6 ఉంటే నిష్పత్తి 6.83. షాఫ్టు తిరిగేది మాత్రం అందులో సగం, దాదాపు మూడున్నర చుట్లు; రెండో చక్రం నిలబడిపోయింది కదా. 41కీ 6కీ ఉమ్మడి భాజకం లేకపోవడం కూడా కావాలని చేసిందే. అప్పుడే ప్రతి పన్నూ అవతలి పళ్లన్నిటినీ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల సమంగా పంచుకుంటుంది.

అసలు పరీక్ష దీనికి ముందే, డిఫరెన్షియల్ బల్ల మీద ఉన్నప్పుడే జరగాలి. పినియన్‌కు తాడు చుట్టి స్ప్రింగు త్రాసుతో లాగితే బేరింగుల బిగుతు తెలుస్తుంది. డయల్ గేజి పెట్టి క్రౌన్‌ను అటూ ఇటూ ఆడిస్తే పళ్ల మధ్య ప్లే తెలుస్తుంది. చాలా లారీలకు అది మిల్లీమీటరులో పావు వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఈ అంకెలు రెండూ సరిపోయినా పని అయినట్టు కాదు. పన్ను పన్నును ఎక్కడ తాకుతోందో అవి చెప్పవు.

దానికి రంగు కావాలి. ఎర్ర సీసపు పొడిని నూనెలో చిక్కగా కలిపి క్రౌన్ పళ్లు ఓ పదింటికి పూస్తారు. చెక్కముక్కతో క్రౌన్‌ను కాస్త అదిమిపట్టి పినియన్ తిప్పుతారు. తాకిన చోట రంగు చెదిరి మచ్చ పడుతుంది. మచ్చ పంటి పైఅంచున పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, పంటి మొదలున పడితే మరీ లోపలికి చొచ్చినట్టు. షిమ్ములనే పలుచని రేకులు మార్చి సరిచేయాలి. పంటి లోపలి కొనకు జరిగితే క్రౌన్‌ను పినియన్ నుంచి దూరం చేయాలి, బయటి కొనకు పోతే దగ్గరికి తేవాలి. నడిమధ్యన కంటే చాలా గేర్లలో కాస్త లోపలివైపు పడ్డ మచ్చే మంచిది. లోడు ఎక్కాక హౌసింగూ బేరింగులూ పిసరంత వంగుతాయి, మచ్చ బయటికి సాగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే బరువును ఊహించి సర్దాలన్నమాట.

క్రౌన్‌నూ పినియన్‌నూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి నూరి జతకడతారు, జతకు ఒకే నంబరు చెక్కుతారు. వేర్వేరు జతలను కలిపితే ఎన్ని షిమ్ములు మార్చినా మచ్చ దారికి రాదు, హౌసింగ్ ఊళ మానదు. యాక్సిలరేటరు తొక్కినప్పుడే ఊళ వస్తే అనుమానం పంటి ఒక ముఖం మీద, వదిలినప్పుడే వస్తే రెండో ముఖం మీద. అప్పుడు విప్పి చూస్తే రంగు అక్కర్లేదు. తాకిన చోట పన్నే అరిగి మెరుస్తూ ఉంటుంది.